చెరువుగట్టున విమానాలు

ఇంటి ముందు స్కూటరు నిలబెట్టుకున్నట్టు అక్కడ చెరువుగట్టున విమానం కట్టేసుకుంటారు. కట్టేయడమంటే మాటవరసకు కాదు, పడవను గుంజకు కట్టినట్టు తాళ్లతోనే! ఒడ్డు పొడవునా వరసగా ఎర్రవి, పసుపువి, తెల్లవి... అన్నీ చిన్న విమానాలే. చక్రాలుండాల్సిన చోట పడవల్లాంటి రెండేసి పొడవాటి ఫ్లోట్లు. ఒక్కోదాని పక్కన సామాన్లు దాచుకునే బుల్లి గది. అందులో ఆయిల్ డబ్బాలూ గరాటూ ఉంటాయి, గేలాలూ రబ్బరు బూట్లూ ఉంటాయి. గట్టు చుట్టూ తిరిగే రోడ్డు మీద కొన్నిచోట్ల బోర్డులు కనిపిస్తాయి... విమానం వస్తే కారే ఆగాలని!

ఇది లేక్ హుడ్. అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో, యాంకరేజ్ నగరం నడిబొడ్డుకు ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉంది. హుడ్, స్పెనార్డ్ అని రెండు చెరువులు, వాటిని కలుపుతూ తవ్విన కాలువ. ఆ పక్కనే పెద్ద పెద్ద సరకు విమానాలు దిగే అంతర్జాతీయ విమానాశ్రయం. నీటిమీద వాలే విమానాలకు ప్రపంచంలో ఇంతకన్నా రద్దీ అయిన స్థావరం మరోటి లేదంటారు. గట్టున ఒక్క విమానానికి జాగా కావాలన్నా పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. సియాటిల్ నుంచి ఇక్కడికి మూడున్నర గంటల ప్రయాణం. వేసవి సెలవుల్లో అలాస్కా మంచుకొండలు చూడ్డానికి వెళ్లే మనవాళ్లు చాలామంది యాంకరేజ్‌లో దిగుతారు, కానీ ఈ చెరువు దగ్గర ఆగరు. కొండలు ఎక్కడికీ పోవు. ఓ పూట ఇక్కడ గడపొచ్చు.

రోడ్డు లేని ఊళ్లు

ఇంతకీ ఇన్ని విమానాలెందుకు? సరదాకా? కొన్ని సరదాకే. కానీ అలాస్కా లెక్క వేరు. విస్తీర్ణం మన దేశంలో సగానికి పైనే. జనాభా ఏడున్నర లక్షల లోపు. నూటికి ఎనభైకి పైగా ఊళ్లకు రోడ్డే లేదు. అంతదాకా ఎందుకు, రాష్ట్ర రాజధాని జునోకే మిగతా రాష్ట్రం నుంచి రోడ్డు లేదు. పడవెక్కాలి, లేదంటే విమానమెక్కాలి.

1924 ఫిబ్రవరిలో కార్ల్ బెన్ ఐల్సన్ అనే పైలట్ ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి మెక్‌గ్రాత్ అనే ఊరికి ఉత్తరాల సంచులు తీసుకెళ్లాడు. కుక్కలు లాగే బండికి రెండు మూడు వారాలు పట్టే దూరాన్ని మూడు గంటల్లోపే దాటేశాడు. అప్పట్నుంచీ అలాస్కా పల్లెలకు విమానమే బస్సు, అదే అంబులెన్సు, అదే పోస్టుమాన్ సైకిలు. ఇప్పుడు పెద్ద పల్లెలకు నడిచే సర్వీసుల్లో చాలావాటికి టర్బైన్ ఇంజిన్లొచ్చాయి. కానీ వేటకూ, చేపలకూ, అడవిలోని ఒంటరి గుడిసెలకూ వెళ్లాలంటే నేటికీ పిస్టన్ ఇంజిన్ విమానమే. దానికి ముక్కున ఒక్కటంటే ఒక్క ఇంజిన్. కింద వందల కిలోమీటర్ల మేర అడవీ, బురదా, మంచూ. అది ఆగితే?

ఆ ప్రశ్నకు జవాబుగానే ఆ ఇంజిన్‌లో ప్రతి భాగమూ తయారైంది.

బుల్లెట్టుకు పెద్దన్న

గట్టున ఎవరైనా విమానం ముక్కు మూత తెరిచి పనిచేసుకుంటుంటే ఓసారి తొంగిచూడాలి. మన బుల్లెట్ మోటార్‌సైకిల్ బాగుచేసే మెకానిక్కు కూడా అక్కడ పెద్దగా తికమకపడేదేమీ ఉండదు. గాలికి చల్లబడేందుకు పలకలు పలకలుగా రెక్కలున్న సిలిండర్లు. ఎడమవైపు రెండు, కుడివైపు రెండు, ఎదురెదురుగా పడుకోబెట్టి ఉంటాయి. రేడియేటరు లేదు, నీళ్లు లేవు. నీళ్లే లేకపోతే అవి కారిపోయే భయం, గడ్డకట్టే భయం లేవు కదా! లోపల జరిగేదీ మనకు తెలిసిందే. పిస్టన్ కిందికి దిగుతూ గాలినీ పెట్రోలునూ పీల్చుకుంటుంది, పైకొస్తూ నొక్కుతుంది, నిప్పురవ్వ పడగానే పేలి కిందికి నెడుతుంది, మళ్లీ పైకొస్తూ పొగను బయటికి తోస్తుంది.

అలాస్కాలో ఎక్కువగా కనిపించే పైపర్ సూపర్ కబ్ సంగతే చూద్దాం. ముందూ వెనకా ఇద్దరు కూర్చునే విమానం. దాని లైకమింగ్ ఇంజిన్ పరిమాణం 5.2 లీటర్లు. ఇచ్చే శక్తి 150 హార్స్‌పవర్. ఇప్పటి కార్లలో ఒకటిన్నర లీటర్ల టర్బో ఇంజిన్ కూడా ఆ మాత్రం శక్తినిస్తుంది! మరి అంత పెద్ద ఇంజిన్ దండగ కాదా?

కాదు. కారు ఇంజిన్ తన పూర్తి బలం చూపించేది ఎప్పుడో ఓవర్‌టేక్ చేసేటప్పుడు, కొన్ని క్షణాలు. మిగతా సమయమంతా కునికిపాట్లే. విమానం ఇంజిన్ పైకెగిరేటప్పుడు పూర్తి బలంతో, ఎగిరాక అందులో ముప్పాతిక వంతుతో గంటల తరబడి ఆపకుండా పనిచేయాలి. పైగా ప్రొపెల్లర్‌ను గేర్లేవీ లేకుండా నేరుగా ఇంజిన్ ఇరుసుకే బిగించేస్తారు. గేర్లు లేకపోతే అవి విరిగే ప్రమాదమూ లేదు. కాకపోతే ఇంజిన్‌ను నెమ్మదిగానే తిప్పాలి. రెండు మీటర్ల ప్రొపెల్లర్ నిమిషానికి 2700 సార్లు తిరిగితే దాని కొస సెకనుకు 280 మీటర్ల వేగం దాటిపోతుంది. ఇంకాస్త పెరిగితే ధ్వని వేగానికి దగ్గర పడుతుంది. అప్పుడు రొదే తప్ప లాగే బలం ఉండదు. 300 హార్స్‌పవర్ సెస్నా విమానాలు ఈ చెరువు మీంచి లేచేటప్పుడు చెవులు చిల్లులు పడేలా అరిచేది అందుకే. ఆ అరుపు ఇంజిన్‌ది కాదు, ప్రొపెల్లర్ కొసలది.

నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువ బలం ఇవ్వాలంటే సిలిండరు పెద్దదిగా ఉండక తప్పదు.

రెండు మాగ్నెటోలు

సిలిండరుకు ఒక స్పార్క్ ప్లగ్గు చాలు. కారులో ఉండేది సాధారణంగా ఒక్కటే. విమానంలో రెండు. నాలుగు సిలిండర్లకు ఎనిమిది. ఒక్కో నాలుగింటికీ నిప్పురవ్వ అందించే యంత్రం కూడా వేర్వేరు. దాని పేరు మాగ్నెటో. లోపల ఓ అయస్కాంతం గిరగిరా తిరుగుతుంటుంది, దానికి కావలసిన కరెంటును అదే పుట్టించుకుంటుంది. బ్యాటరీతో పనిలేదు. అంటే గాల్లో ఉండగా బ్యాటరీ చచ్చిపోయినా, ఆల్టర్నేటర్ కాలిపోయినా, రేడియో మూగబోయినా, లైట్లు ఆరిపోయినా ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పాతకాలంలో మన లూనాకు బ్యాటరీ లేకుండానే ప్లగ్గు వెలిగేది చూడండి, దాదాపు అలాంటిదే.

ఎగరబోయే ముందు పైలట్ ఒక మాగ్నెటోను ఆపి చూస్తాడు. ఇంజిన్ వేగం ఓ వంద చుట్లు తగ్గాలి. తర్వాత రెండోదాన్ని. అప్పుడూ కాస్త తగ్గాలి. మరీ ఎక్కువ తగ్గితే ఏదో ప్లగ్గు చెడినట్టు. అసలు తగ్గకపోతే? సంతోషించకూడదు. ఆపామనుకున్న మాగ్నెటో ఆగలేదన్నమాట! దాన్ని ఆపే తీగ ఎక్కడో తెగింది. అలాంటి ఇంజిన్ నిలిచి ఉన్నప్పుడు ఎవరైనా ప్రొపెల్లర్‌ను చేత్తో కదిపినా చాలు, లోపల కాస్త పెట్రోలు ఆవిరి మిగిలి ఉంటే పేలి తిరుగుతుంది. చెయ్యో తలో పోతుంది. అందుకే విమానం ఇంజిన్‌ను తాళంచెవి తిప్పి ఆపరు. ముందు పెట్రోలు కట్టేస్తారు. సిలిండర్లలో ఉన్నదంతా కాలిపోయి ఇంజిన్ దానంతటదే ఆగాక అప్పుడు స్విచ్చి.

నీటిమీద విమానానికి ఇంకో చిక్కుంది. బ్రేకులుండవు. ఇంజిన్ అందుకున్న మరుక్షణం బండి కదిలిపోతుంది. ఒకచోట నిలబెట్టి పరీక్షలు చేసుకునే వీల్లేదు. తాడు విప్పి, ఒడ్డు నుంచి నెట్టి, గబగబా ఎక్కి, స్టార్టు చేసి, నీటిలో సాగిపోతూనే మాగ్నెటోలు చూసుకోవాలి. ఇతర విమానాలకు తగలకుండా, కాలువ మలుపు తప్పకుండా. కాలువ గట్టున కూర్చుంటే ఈ తతంగమంతా కళ్లముందే జరుగుతుంది.

వేసవిలో మంచు

డ్యాష్‌బోర్డు మీద ఎర్ర పిడి ఒకటి. అది పెట్రోలు పాళ్లు మార్చేది. ఒక పాలు పెట్రోలుకు పదిహేను పాళ్ల గాలి (బరువులో) ఉంటే పూర్తిగా మండుతుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, పెట్రోలు ఎక్కువైపోతుంది, ప్లగ్గులకు మసి పడుతుంది. కాబట్టి పైలట్ పిడిని కాస్త కాస్త లాగుతూ పెట్రోలు తగ్గించుకోవాలి. మరీ తగ్గిస్తే సిలిండర్లు వేడెక్కిపోతాయి. కారులో ఈ పనంతా కంప్యూటరు చూసుకుంటుంది. ఇక్కడ కంప్యూటరు పైలట్ చెవులే.

దాని దగ్గర్లోనే మరో పిడి. అలాస్కాలో దాని విలువ ఎక్కువ. కార్బొరేటర్‌ను వేడిచేసేది అదే.

ఇంజిన్‌లో మంచు పేరుకుని ఆగిపోయే ప్రమాదం గడ్డకట్టే చలిలోనే ఎక్కువని ఎవరైనా అనుకుంటారు. నిజానికి సన్నటి చినుకులు పడుతూ పదీ పదిహేను డిగ్రీలున్న జూన్ ఉదయమే ఎక్కువ ప్రమాదం! కార్బొరేటర్‌లో గాలి ఓ ఇరుకు గొంతులోంచి దూసుకెళుతుంది. అక్కడే పెట్రోలు తుంపరగా కలిసి ఆవిరవుతుంది. అరచేతిలో స్పిరిట్ పోస్తే చల్లగా ఎందుకుంటుంది? అదే ఇక్కడా జరుగుతుంది. ఆ గొంతు దగ్గర వేడి ఒక్కసారిగా ఇరవై ముప్పై డిగ్రీలు పడిపోతుంది. గాల్లో ఉన్న తేమ మంచుగా మారి గోడలకు అంటుకుంటుంది. పేరుకుంటూ పేరుకుంటూ గొంతు నొక్కేస్తుంది. మరీ తీవ్రమైన చలిలో గాలిలో తేమే తక్కువ, కనుక ఈ బెడద కూడా తక్కువ.

ఇది చప్పుడు చేయకుండా వచ్చే జబ్బు. ఇంజిన్ వేగం నెమ్మదిగా తగ్గుతుంది. పైలట్ తనకు తెలియకుండానే థ్రాటిల్ కాస్త పెంచుతాడు. ఇంకాసేపటికి ఇంకాస్త. ఎప్పటికో ఇంజిన్ దగ్గడం మొదలుపెడుతుంది. అప్పుడు ఆ పిడి లాగాలి. పొగగొట్టం చుట్టూ వేడెక్కిన గాలి కార్బొరేటర్‌లోకి వస్తుంది. ఇక్కడే అసలు పరీక్ష. మంచు కరిగి నీళ్లయి సిలిండర్లలోకి పోతుంది కదా, ఇంజిన్ బాగుపడకపోగా ఇంకా అధ్వానంగా కొట్టుకుంటుంది! కొత్తవాడైతే కంగారుపడి పిడి వెనక్కి తోసేస్తాడు. అదే తప్పు. గుండె చిక్కబట్టుకుని ఓ అర నిమిషం ఆగితే ఇంజిన్ గొంతు సవరించుకుంటుంది. నేల దగ్గర అర నిమిషమంటే అర నిమిషమే. అడవి మీద తక్కువ ఎత్తులో అది యుగం. కార్బొరేటర్ లేకుండా సిలిండరుకే పెట్రోలు చిమ్మే ఇంజిన్లూ ఉన్నాయి. వాటికి ఈ బాధ లేదు, వేడెక్కి ఉన్నప్పుడు మళ్లీ స్టార్టు కావడానికి మొరాయించడం వాటి జబ్బు.

యాంకరేజ్‌లోనే ఇంకో విమానాశ్రయం ఉంది, మెరిల్ ఫీల్డ్. అలాస్కా తొలితరం పైలట్లలో ఒకడైన రస్ మెరిల్ పేరు అది. 1929 సెప్టెంబరులో ఆయన ఇక్కణ్నుంచి పశ్చిమానికి బయల్దేరాడు, మళ్లీ కనిపించలేదు. తర్వాత సముద్రపు పాయ ఒడ్డుకు విమానం తోకకు చుట్టిన గుడ్డ ముక్క ఒకటి కొట్టుకొచ్చింది. మరుసటి ఏడాది మొదలైన విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు. అలాస్కాలో ఎగిరే విమానాల్లో ఆహారమూ నిప్పు రాజేసుకునే సామగ్రీ ఉండి తీరాలని చట్టమే ఉంది.

ఇంజిన్‌కు బొంత

అక్టోబరు, నవంబరులకల్లా చెరువు గడ్డకడుతుంది. ఫ్లోట్లు విప్పేసి స్కీలు బిగిస్తారు. నీరు కాస్తా రన్‌వే అయిపోతుంది. ఇక చలితో పోరు.

1920లు, 30ల నాటి పైలట్లకు ఓ అలవాటుండేది. సాయంత్రం దిగగానే వేడివేడి ఆయిల్‌ను ఇంజిన్‌లోంచి డబ్బాలోకి వంపుకుని గుడిసెలోకి తీసుకెళ్లేవారు. రాత్రంతా అది పొయ్యి పక్కనే. తెల్లారాక ఇంజిన్ మీదుగా గుడారంలా ఓ మందపాటి గుడ్డ కప్పి, దాని కింద స్టవ్వు వెలిగించి గంటసేపు కాపలా కూర్చునేవారు. కాపలా ఎందుకంటే ఆ గుడ్డకు నిప్పంటుకుంటే విమానమే పోతుంది. ఇంజిన్ కాస్త వెచ్చబడ్డాక డబ్బాలోని ఆయిల్‌ను మళ్లీ పోసి స్టార్టు చేసేవారు. చంటిపిల్లకు నలుగుపెట్టి స్నానం చేయించడం కూడా అంత పని కాదేమో!

ఇప్పుడు కరెంటు ప్యాడ్లొచ్చాయి. ముందురోజు రాత్రే ప్లగ్గు పెడతారు. ఇంజిన్ మీద దూది కుట్టిన బొంత కప్పుతారు. ప్యాడ్లు వచ్చినా వెచ్చబెట్టకుండా స్టార్టు చేయకూడదన్న నియమం మాత్రం మారలేదు. కారణం ఆయిల్ గట్టిపడటం ఒక్కటే కాదు. ఇంజిన్ పెట్టె అల్యూమినియంతో చేసింది. లోపల తిరిగే ఇరుసు ఉక్కుది. చలికి అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు కుంచించుకుపోతుంది. రెంటి మధ్య ఆయిల్ పొర ఉండాల్సిన వెంట్రుకవాసి సందు మరింత ఇరుకైపోతుంది. అలాంటప్పుడు బలవంతాన తిప్పితే ఒక్క నిమిషంలో కొన్ని వందల గంటల అరుగుదల జరిగిపోతుందని మెకానిక్కులు చెప్పే మాటలో కొంత అతిశయోక్తి ఉండొచ్చు. అరుగుదల మాత్రం నిజం.

చలికి ఇంకో తమాషా ఉంది. ఇంజిన్ పెట్టెలోకి చేరిన ఆవిరి బయటికి పోవడానికి చిన్న గొట్టం ఒకటుంటుంది. ఎగురుతుండగా దాని కొసన తేమ గడ్డకట్టి బిరడాలా బిగుసుకుపోతుంది. లోపల ఒత్తిడి పెరిగి ముందువైపు సీలు తన్నుకుపోతుంది. ఆయిలంతా కారిపోతుంది. ఆపైన మిగిలేది నిమిషాలే. ఇంత పెద్ద ముప్పుకు మందేమిటో తెలుసా? గొట్టానికి కాస్త పైన, ఇంజిన్ వేడి తగిలేచోట, మరో చిన్న చిల్లు! కొస మూసుకుపోయినా ఊపిరి అందులోంచి ఆడుతుంది.

క్యాబిన్‌లో కూర్చున్నవాళ్లకు వెచ్చదనమిచ్చేది కూడా పొగగొట్టం మీదుగా వచ్చిన గాలే. ఆ గొట్టంలో సన్నటి పగులు వస్తే చాలు, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది. నిద్ర ముంచుకొస్తుంది. అందుకే చాలామంది డ్యాష్‌బోర్డు మీద దాన్ని పసిగట్టే పరికరం పెట్టుకుంటారు.

గట్టున నడుస్తుంటే మిగతావాటికన్నా బొద్దుగా, గుండ్రటి ముక్కుతో ఉన్న విమానాలు కనిపిస్తాయి. కెనడా వాళ్ల డి హావిలాండ్ బీవర్లు. 1947లో తొలిసారి ఎగిరింది, 1967కల్లా తయారీ ఆపేశారు. మొత్తం పదహారు వందల పైచిలుకు. ఈనాటికీ వీటి డిమాండు తగ్గలేదు. తొమ్మిది సిలిండర్లు చక్రం ఆకుల్లా చుట్టూ అమరిన 450 హార్స్‌పవర్ ఇంజిన్. రాత్రంతా నిలిచి ఉంటే ఆయిల్ కింది సిలిండర్లలోకి దిగిపోతుంది. ద్రవం నొక్కుకుపోదు కదా, అలాగే స్టార్టు చేస్తే ఇంజిన్ ఇరుగుతుంది. అందుకని ముందు ప్రొపెల్లర్‌ను చేత్తో నాలుగు చుట్లు తిప్పి చూసుకుంటారు. స్టార్టవగానే గుప్పున పొగ. బీవర్‌లో ఇంకో వింత... ఆయిల్ పోసే మూత పైలట్ కాళ్ల దగ్గర, క్యాబిన్‌లోనే ఉంటుంది. ఎగురుతూ ఎగురుతూనే డబ్బా వంచి ఆయిల్ పోసుకోవచ్చు!

నీలిరంగు పెట్రోలు

తెల్లవారి గట్టు మీద అందరూ చేసే పని ఒకటుంది. ట్యాంకు అడుగున ఉన్న చిన్న కుళాయి నొక్కి, గాజు గొట్టంలోకి కాస్త పెట్రోలు పట్టి, ఆకాశానికెత్తి చూస్తారు. నీళ్లుంటే అడుగున బుడగలా తేలిపోతాయి. పెట్రోలు రంగు లేతనీలం. ఆ రంగు కలిపేది ఇదే రకమని గుర్తుపట్టడానికి.

ఆ నీలంలో సీసం ఉంది. లీటరుకు 0.56 గ్రాముల వరకు. బలంగా నొక్కినప్పుడు పెట్రోలు వేళకు ముందే టప్పున పేలిపోకుండా సీసం ఆపుతుంది. మన దేశంలో 2000 సంవత్సరానికే బంకుల్లో సీసం పెట్రోలు పోయింది. అమెరికాలో రోడ్డుమీది కార్లకు 1996లోనే నిషేధించారు. చిన్న విమానాలకు మాత్రం మిగిలిపోయింది. పసిపిల్లల మెదడుకు సీసం చేసే హాని అందరికీ తెలిసిందే. 2023 అక్టోబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఈ విమానాల సీసం ప్రజారోగ్యానికి ముప్పేనని అధికారికంగా తేల్చింది. 2024 నాటి చట్టం ప్రకారం, సరైన ప్రత్యామ్నాయం అందుబాటులోకి వస్తే తప్ప, దేశంలోని విమానాశ్రయాలు 2030 ఆఖరుదాకా ఈ పెట్రోలు అమ్మకం ఆపకూడదు. అలాస్కాకు మాత్రం మరో రెండేళ్లు, అంటే 2032 దాకా గడువిచ్చారు.

ఎందుకా రెండేళ్లు? తక్కువ నొక్కుడుతో నడిచే పాత ఇంజిన్లు సీసం లేకున్నా నడుస్తాయి. బరువులు మోసే 300 హార్స్‌పవర్ ఇంజిన్లకే చిక్కు. పల్లెలకు సరకులు మోసేవాటిలో అలాంటివి చాలా ఉన్నాయి. సీసం లేని ఇంధనానికి 2022లో అనుమతి వచ్చినా, అది ఇంజిన్‌కు నప్పితే చాలదు. ట్యాంకు అతుకులకూ రబ్బరు గొట్టాలకూ నప్పాలి, అడవి చివరి ఊరిదాకా చేరాలి, ఒక ఊళ్లో ఒకటీ మరో ఊళ్లో ఇంకొకటీ దొరికితే రెండూ కలిసినా తంటా రాకూడదు. ఈ చెరువు పక్కనే ఇళ్లున్నాయి, పిల్లలున్నారు. చెరువు దాటి వంద మైళ్లవతల ఈ విమానం కోసం ఎదురుచూసే పల్లెల్లోనూ పిల్లలున్నారు. ఏ ఒక్కరి వాదననూ కొట్టిపారేయలేం.

చూడాలనుకునేవారు జూన్, జులైలో వెళ్లాలి. రాత్రి పదకొండు దాటినా వెలుతురుంటుంది, విమానాలు వాలుతూనే ఉంటాయి. దక్షిణపు ఒడ్డున అలాస్కా ఏవియేషన్ మ్యూజియం ఉంది. అందులో 1928 నాటి స్టియర్‌మన్ విమానం ఉంది, ఆయిల్‌ను పొయ్యి పక్కన కాచుకున్న రోజులది. బీవర్‌లో షికారు తిప్పే సంస్థలూ ఒడ్డునే ఉన్నాయి. ముందు సీటు దొరికితే వదులుకోవద్దు. ఆయిల్ మూత అక్కడే కనిపిస్తుంది.